లక్ష్మణమ్మ దాచిన సీసా

పొందూరులో లక్ష్మణమ్మ చేతులు ఖాళీగా ఉండగా చూసినవాళ్లు లేరు. ఖద్దరు నూలు కోసం వాలుగ చేప దవడ పళ్లతో పత్తి దువ్వుతుంది, రాట్నం తిప్పుతుంది, రెండూ లేకపోతే కొంగు పురిపెడుతుంది. ఆ రోజు శ్రీకాకుళం స్కానింగ్ సెంటర్లో కూర్చునేసరికి కొంగు అంచు పీచు పీచయిపోయింది.

కూతురు రేఖకి పద్నాలుగేళ్లు. పుట్టుకతోనే తలసీమియా, నెలనెలా రక్తం ఎక్కించాలి. ఎక్కించిన ప్రతిసారీ కాస్త ఇనుము ఒంట్లో మిగిలిపోయి కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని బయటికి పంపడానికి రోజూ మాత్రలు. డాక్టరు తిరుమలరావుగారు ఇదంతా ఎన్నిసార్లు చెప్పారో. లక్ష్మణమ్మ బుర్ర ఊపడమైతే ఊపింది. కానీ పాలిపోయిన పిల్ల మొహం చూస్తూ ఏ తల్లి ఊరుకుంటుంది? రక్తం పడుతుందని ఐరన్ టానిక్ కొని, బియ్యం డబ్బాలో దాచి, ఏడాదిగా పొద్దున్నే తాగిస్తోంది.

ఒంటిమీద ఇనుము ఉండకూడదని టెక్నీషియన్ శాంతికుమార్ చెప్పాడు. దిష్టి తగలకుండా రేఖ మొలతాడుకి కట్టిన ఇనప రింగుని లక్ష్మణమ్మే విప్పి, లోపల ఏం చేస్తారని అడిగింది. పెద్ద అయస్కాంతం ఉంటుందన్నాడతను. మామూలు కండ దానికి ఒకలా స్పందిస్తుంది, ఇనుము పట్టిన కాలేయం మరోలా. ఆ తేడాని బట్టి ఎంత ఉందో లెక్క తేలిపోతుందట.

తలుపు అవతల మెషిన్ డబడబా మోగుతుంటే, లక్ష్మణమ్మ ఇవతల వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతూనే ఉంది. సీసా సంగతి మెషిన్ చెప్పేస్తుందేమోనని ఒక భయం, పిల్ల ఏమైపోతుందోనని ఇంకో భయం.

రిపోర్టు చూసి డాక్టరుగారు మొహం చిట్లించారు. నిరుటికంటే బాగా పెరిగింది. గుండెకి ఇంకా పట్టలేదు, అంతవరకు నయం. మాత్రలు ఎగ్గొడుతున్నావా అని రేఖని గట్టిగా నిలదీశారు. పిల్ల తల దించుకుందే గానీ నోరు విప్పలేదు.

కొంగు పురిపెడుతున్న చేతులు ఆగిపోయాయి.

"దాన్ని తిట్టకండి బాబూ. మాత్రలు ఏసుకుంతాది. రక్తం పడతాదని నానే ఐరన్ టానిక్ పట్టినాను."

డాక్టరుగారు ఆ సీసా ఇవాళే పారబొయ్యమని చెప్పి, మాత్రల మోతాదు పెంచి రాసిచ్చారు.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడి లక్ష్మణమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. తెలీక చేశానని మళ్లీ మళ్లీ అంది. రేఖ పక్కనే కూర్చుని తల్లి చెయ్యి పట్టుకుంది.

"అది తాగకూడదని నాకు తెల్సమ్మా. తాగకపోతే నువ్వు ఒక దగ్గర కూకోవు గదా."