మా జేజి కంటికి నచ్చిన ఇంగ్లీషు హాస్యం

మా చిన్నప్పుడు... మైదుకూరు దగ్గర మా ఊరి బడి ముందు ఒక అమెరికా అబ్బాయి కావాలని కాలు జారి నీళ్ళ బకెట్‌లో కూలబడ్డాడు. ఊరంతా పడీ పడీ నవ్వింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నవ్వి నవ్వి కడుపు పట్టేసి మా నాయన భుజానికి వేలాడాను.

టీవీ సంగతి నేను మొదట విన్నది ఆ రోజే. సేద్యం నేర్పడానికి వచ్చిన ఆ అబ్బాయి, కంటి డాక్టరు దొరసానమ్మను తన జీపులో మా ఊరికి తీసుకొచ్చాడు. బడికి సెలవిచ్చి, గదుల్లో చాపలు పరిచి కంటి ఆపరేషన్లు మొదలుపెట్టారు. వాళ్ళ దేశాల్లో ఇంట్లోనే ఒక పెట్టె ఉంటుందట... అందులో మనుషులు కనబడి నవ్విస్తారట. మేం నమ్మలేదని ఆ అబ్బాయి తాను చూసిన ఆట చేసి చూపించాడు. పెళ్ళాం ఊళ్ళో లేని మొగుడు పాలు కాచబోయి, పొంగే గిన్నెను టోపీతో దించి, నిప్పంటుకున్న ఆ టోపీనే నెత్తిన పెట్టుకుని, చివరికి పరుగెత్తి బకెట్‌లో పడతాడు. ఒక్క తెలుగు ముక్క లేదు. అయినా పసిపిల్లలకు కూడా అర్థమైంది.

నవ్వనిది మా జేజి ఒక్కతే. నాయనమ్మను మేం జేజి అంటాం. పాపం, ఆమెకు కనబడితే కదా! రెండు కళ్ళకూ శుక్లాలు. చెయ్యి పట్టుకుని నేనే నడిపించేదాన్ని.

ఆపరేషన్ మాటెత్తితే మాత్రం ఒప్పుకునేది కాదు. "కంట్లో కత్తి పెట్టినాక ఆయమ్మ చెయ్యి వణికితే నా గతేమి?" ఇదొకటే మాట. మా నాయన బతిమాలాడు, కోప్పడ్డాడు, ఒక పూట సంగటి కూడా మానేశాడు. ఊహూఁ... ఇంకొన్నాళ్ళు పోతే ఆ మిగిలిన కాస్త చూపూ దక్కదని దొరసానమ్మ చెప్పేసింది.

మా జేజి మామూలు మనిషి కాదులెండి. నాయన కొత్త ఎద్దును తోలుకొస్తే, దాని వీపంతా చేత్తో తడిమి, "మంచిదే... దీన్ని ఎవురు లాగాలప్పా?" అని అడిగిన మనిషి. అదీ ముఖంలో ఏ తేడా లేకుండా!

మరుసటి రోజు పొద్దున బడి అరుగు మీద అందరం కూర్చున్నాం. దొరసానమ్మ ఇరవై ఏళ్ళుగా మా కడప జిల్లాలోనే ఉంది, తెలుగు మాలాగే మాట్లాడేది. ఆమె నవ్వగా చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. "మా లండన్ పెట్టెలో గూడా హాస్యం ఉండాది. పోయినేడు సెలవుకు పోయినప్పుడు చూసినా" అని మొదలుపెట్టింది.

"ఒక పెద్దమనిషి ఇంటికి చుట్టం వచ్చినాడు. పైన కప్పు కారుతాండాది. ఇద్దరూ తడుస్తా టీ తాగుతాండారు. వాన మాట ఎవురూ ఎత్తరు. కాసేపటికి చుట్టం, 'టీలో నీళ్ళు కొంచెం ఎక్కువైనట్టుండాయి' అంటాడు. 'క్షమించండి, ఈసారి చక్కెర ఎక్కువ ఏస్తా' అంటాడు పెద్దమనిషి. అంతే."

ఎవరూ నవ్వలేదు. మా నాయన గొంతు సవరించుకుని, "అయ్యో పాపం... ఎంత కష్టమొచ్చింది!" అన్నాడు. పక్కింటి ఖాసిం మామ తాపీ మేస్త్రీ. ఆయనైతే నిజంగానే కదిలిపోయాడు. "శానా దూరమా దొరసానమ్మా? నేను పోయి కప్పు సరిజేసి వస్తా" అన్నాడు.

అప్పుడు లేచింది మా జేజి గొంతు. "వద్దు ఖాసిమూ... అమ్మా, ఆ కప్పు అమ్ముతారేమో కనుక్కో. మా చేని మీద ఏసుకుంటాం. ఈడ వాన పడి మూడేండ్లాయ."

దొరసానమ్మ రెప్ప వాల్చలేదు. "అడుగుతా పెద్దమ్మా. కానీ అది శానా చల్లటి వాన. మీ శెనక్కాయలకు జలుబు చేస్తాది."

"చేస్తే నీ దగ్గరికే తోలుకొస్తాం. సూదేద్దువులే."

జేజి నా చెవి దగ్గరికి వంగి, "పాపా, ఆయమ్మ నవ్విందా?" అంది. లేదన్నాను.

"పెదవన్నా కదిలిందా?"

"లేదు జేజీ, కొంచెం కూడా."

జేజి చీర చెంగు సర్దుకుని లేచింది. "ఇంత మాటకు మొగమే కదలనామెకు, చెయ్యేం కదులుతాది! యాడ పండుకోవాల్నో చూపించు" అంది. మా నాయన పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆపరేషన్ అయ్యాక కట్టు విప్పేదాకా కదలకూడదు, దగ్గకూడదు, గట్టిగా నవ్వకూడదు. అందుకని అమెరికా అబ్బాయిని ఆ గది ఛాయలకు రానివ్వలేదు! పాపం, వాకిట్లో పిల్లిలా నడిచేవాడు. ఆ నడక చూసే మేం నవ్వి చచ్చేవాళ్ళం. దొరసానమ్మ మాత్రం రోజూ సాయంత్రం జేజి పక్కన కూర్చుని గుసగుసగా ఏదో చెప్పేది. ఆ హాస్యం లోపల్లోపల నవ్వుకునేది కాబట్టి కంటికి ఏ ఢోకా లేదు.

కట్టు విప్పే రోజొచ్చింది. దొరసానమ్మ జేజికి మందపాటి కళ్ళద్దాలు పెట్టి, చెయ్యెత్తి, "ఎన్ని వేళ్ళు పెద్దమ్మా?" అని అడిగింది.

జేజి చాలాసేపు చూసింది. "ఏం వేళ్ళమ్మా?" అంది దిగులుగా.

మా నాయన గోడకు ఆనుకున్నాడు. దొరసానమ్మ ముఖం పాలిపోయింది... ఆ ముఖం కదలడం అదే మొదటిసారి!

"మూడు" అంది జేజి. "గోర్లన్నా తీసుకోరాదా తల్లీ?"

దొరసానమ్మ నేల మీద చతికిలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా, బయటున్న అమెరికా అబ్బాయి పరుగెత్తుకొచ్చేదాకా నవ్వింది. జేజి అప్పుడు తీరిగ్గా నా వైపు తిరిగి, "నువ్వా పాపా? ఇంత పెద్దదానివైనావా!" అంది. ఆ మాటకు నేను ఏడ్చాను. సంతోషంతోనే.

ఇప్పుడు కర్నూలులో మా మనవరాలు టీవీలో ఇంగ్లీషు హాస్యం, అమెరికా హాస్యం పెట్టి ఏది గొప్పదో చెప్పమంటుంది. రెండూ గొప్పవే... ఒకటి ఊరినంతా నవ్వించింది, ఒకటి మా జేజికి ధైర్యమిచ్చింది.

కానీ ఇప్పుడు పెట్టెలో నవ్వు కూడా వాళ్ళే నవ్వి పెడుతున్నారు. పక్కవాళ్ళ చెవిలో "ఆయమ్మ నవ్విందా?" అని అడగాల్సిన పని ఎవరికీ లేదు.

మీ ఇంట్లో ముఖం కదలకుండా నవ్వించిన మనిషి ఎవరు? చెప్పండి, వినాలనుంది...