ఎదురింటి గడప మీద నూనె

మా గల్లీలో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఒకరు గోడకు మేకు కొడితే పక్కింట్లో సున్నం రాలుతుంది. అందుకే నా భార్య ఎదురింటి చుట్టూ తిరగలేకపోయింది. గుమ్మం ముందే అటూ ఇటూ నడిచింది. గొడవ అక్కడే మొదలైంది.

మేము ఉద్యోగరీత్యా కోస్తా నుంచి వచ్చి ఫలక్‌నుమాలో స్థిరపడిన క్రైస్తవులం. నేను రైల్వే గుమాస్తాగా రిటైరయ్యాను. మా సంఘంలో పెద్దని. చదువుకునే రోజుల నుంచి డైరీ రాయడం అలవాటు కాబట్టి, ఏ రెండు విషయాలనైనా పక్కపక్కన పెట్టి పోల్చి చూడనిదే నాకు తోచదు. ఎదురింట్లో ఒక వెల్డింగ్ పనివాడు, అతని తల్లి, భార్య ఉంటారు. ఆ కోడలికి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి ఏడో నెల వచ్చింది. గల్లీ అంతా ఆ పిల్లను కళ్లలో పెట్టుకుని చూసుకుంటోంది.

మా సంఘం స్త్రీలలో యెరికో ప్రార్థన అని ఒక పద్ధతి ఉంది. ఇశ్రాయేలీయులు చుట్టూ తిరిగితే యెరికో పట్టణం గోడలు కూలాయి కదా, అలాగే కష్టంలో ఉన్నవాళ్ల ఇంటి చుట్టూ ఏడుసార్లు తిరిగి ప్రార్థిస్తారు. ప్రార్థించిన నూనె గడపకు రాస్తారు. ఎలీషా ప్రవక్త ఉప్పు వేసి చెడిపోయిన నీళ్లను బాగుచేశాడు గనక కొందరు ఉప్పు కూడా చల్లుతారు. నా భార్య నాకైనా చెప్పకుండా, తెల్లవారుజామున వెళ్లి ఇవన్నీ చేసి వచ్చింది.

గల్లీ మొదట్లో మొబైల్ షాపువాళ్లు కెమెరా పెట్టిన సంగతి ఆమెకు తెలియదు.

పొద్దున్నే ముగ్గు వేయబోయిన కోడలు గడప మీద నూనె మరక, ఉప్పు చూసి కేక పెట్టింది. టిఫిన్ల వేళకు వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. తెల్ల చీర, తల మీద కొంగు, గుమ్మం ముందు అటూ ఇటూ నడుస్తున్న ఆడమనిషి. ముఖం కనిపించదు.

"బాణామతి చేసిన్రు!" ఎదురింటి పెద్దావిడ వీధిలో నిలబడి అరిచింది. ఇక్కడ చేతబడిని అలాగే అంటారు. "నా కోడలి కడుపు మీద ఎవ్వతి కన్ను పడ్డది? దొరకాలె, దాని సంగతి చెప్త!"

నేనూ వీడియో చూశాను. మోకాలి నొప్పి వల్ల ఎడమ కాలు ఈడ్చి వేసే ఆ నడకను ఏళ్ల తరబడి చూస్తున్నవాణ్ణి. వంటింట్లోకి వెళ్లాను. బెండకాయలు తరుగుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"నేనేనండీ," అంది. "ఆ పిల్ల కోసం."

సాయంత్రానికి రెండు కబుర్లు తెలిశాయి. బాణామతి తీసే మనిషి మర్నాడు బార్కస్ అవతల నుంచి వస్తున్నాడు. అది కాగానే కోడల్ని బస్సులో పుట్టింటికి పంపేస్తారు. ప్రయాణం వద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. పైగా ఆ పిల్ల పొద్దుటి నుంచి ముద్ద ముట్టలేదు. మేము నోరు విప్పకపోతే ఆ కడుపుకు ప్రమాదం. విప్పితే నా భార్యకు. బాణామతి చేసిందని ఒక్కసారి పేరు పడిన ఆడదాన్ని మనుషులు ఎలా చూస్తారో మాకు తెలియనిది కాదు.

"రేపు వెళ్లి చెప్పేద్దాం," అంది నా భార్య.

"చెబుదాం. బాణామతికీ, నీ పనికీ తేడా ఏమిటని అడుగుతారు. ముందు నాకు చెప్పు."

"వాళ్లు నూనె పోస్తారు, ముగ్గులేస్తారు..."

"నువ్వూ నూనె పోశావు."

"ఉప్పూ, నిమ్మకాయలూ..."

"ఉప్పు నీ దగ్గరా ఉంది. ఏడు లెక్క కూడా ఉంది. గొణుగుడు కూడా ఉంది."

"అసలు మీరు ఎటువైపండీ?" అని కత్తిపీట పక్కకు నెట్టింది. "వాళ్లు చెడు కోరతారు. నేను మంచి కోరాను."

"ఎదురింటి పెద్దావిడ దిష్టి తీస్తూ, మైసమ్మా నా బిడ్డను సల్లగ చూడు అంటుంది. అదీ మంచి కోరడమే. మరి దాన్ని మనవాళ్లు మంత్రమంటారెందుకు?"

నెట్టిన కత్తిపీటను మళ్లీ దగ్గరకు లాక్కుంది. తర్వాత తనే మెల్లగా చెప్పింది. "ఐదోసారి తిరుగుతుంటే పాలబండి అడ్డొచ్చింది. లెక్క తప్పిందని మళ్లీ మొదటి నుంచి తిరిగాను."

"ఎందుకు?"

"ఏడు కాకపోతే పనిచేయదేమోనని." అనేసి, తన మాట తనకే వినబడినట్టు నా వైపు చూసింది.

ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను. మంత్రం వేసేవాడికి లెక్క తప్పితే భయం, ఎందుకంటే అతడు పని చేయిస్తున్నాననుకుంటాడు. ప్రార్థించేవాడు అడుగుతాడు. అడిగినవాడికి కాదనిపించుకోవడానికైనా సిద్ధపడక తప్పదు. నూనె, ఉప్పు ఎవరి చేతిలోనైనా ఒకటే. మంత్రాన్నీ, ప్రార్థననూ వేరుచేసే గీత మా ఇంటికీ, ఎదురింటికీ మధ్య లేదు. మా వంటింట్లో నుంచే పోతోంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం రోడ్డు దాటాం. "వదినా," అంది నా భార్య పెద్దావిడతో, "ఆ వీడియోలో ఉన్నది నేనే."

వెల్డింగ్ పనిచేసే కొడుకు లేచి నిలబడ్డాడు. "పెద్దమనుషులని ఇంత ఇజ్జత్ ఇస్తే, గిదా సార్ మీరు చేసేది? ఇల్లు ఖాళీ చేసి పోండ్రి!"

"నువ్వు ఆగుర," అంది తల్లి. నా భార్యను కిందికీ మీదికీ చూసింది. "మంచికే చేసినవా? ఒట్టేస్తవా?"

"మాలో ఒట్టు పెట్టుకోకూడదు. నిజమే చెప్తున్నా. బిడ్డ నిలవాలని చేశాను."

"మంచి చేసెటోళ్లు దొంగలెక్క వస్తరా? నీ మనుమరాలికి నేను దిష్టి తీసిన్నాడు నీ ముందట కూసోని తీయలే?"

"మీరు వద్దంటారేమోనని..."

"వద్దంటే వద్దు! అడగాలె గదనే!"

రాత్రి నేను దేవుడి గురించి ఒక పేజీ రాసిన విషయాన్ని ఆమె పొరుగింటి గురించి ఒక్క మాటలో తేల్చేసింది.

తలుపు తెర పట్టుకుని కోడలు వచ్చింది. ముఖం పీక్కుపోయింది. "ఆంటీ, గాడ నిలవడి ఏమన్నవ్? నాకు చెప్పు."

నా భార్య చెప్పింది. "ప్రభువా, ఈ పిల్లకు నిద్ర పట్టనివ్వు. తిన్నది ఒంటికి పట్టనివ్వు. నెలలు నిండేదాకా మొయ్యనివ్వు అన్నాను తల్లీ."

"గంతేనా?"

"అంతే."

"గంతేనా! నేను రాత్రంత గోడ దిక్కు చూస్కుంట కూసున్న!" నవ్వో ఏడుపో తెలియకుండా అక్కడే మంచం మీద కూర్చుండిపోయింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "అత్తమ్మా, ఆకలైతుంది," అంది.

పెద్దావిడ చేసిన ఉప్మా కోడలూ, నా భార్యా తింటుండగా బాణామతి తీసే మనిషి ఆటో దిగాడు. సంచీలో కోడి కదులుతోంది. గడప దగ్గరే ఆగి కళ్లు మూసుకున్నాడు. "చేసినామె ఈ గడప లోపలికి రానే రాదు. వస్తే నెత్తురు కక్కుకొని చస్తది."

"ఇగో, గీమెనే చేసింది," అంది పెద్దావిడ. "రెండోసారి ఉప్మా ఏస్కుంటుంది."

బయట మూగినవాళ్లు విరగబడి నవ్వారు.

"అమ్మా, గిది మస్తు బలమైనది. మంచిగ ఆలోచించుకో," అన్నాడతను.

"నా కోడలు తింటుంది. ఇంకేం ఆలోచించాలె? పో అన్నా, కోడిని ఎండల పెట్టకు."

బస్సు ప్రయాణం ఆగిపోయింది. ఇల్లు ఖాళీ చేయమన్న కొడుకే ఆ సాయంత్రం వచ్చి మా గేటుకు ఊడిన బందు వెల్డింగ్ చేసి, ఏమీ మాట్లాడకుండా వెళ్లాడు. కోడలు నెలలు నిండి ఆడపిల్లను కన్నది. ఆసుపత్రి నుంచి ఆటో వచ్చిన రోజు గల్లీ అంతా గుమ్మాల్లోనే ఉంది. పెద్దావిడ ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి, మైసమ్మను తలుచుకుని పొయ్యిలో వేసింది. చేతులు దులుపుకుని నా భార్య వైపు తిరిగింది.

"ఇగ నువ్వు కానియ్యి. లోపల్లోపల గొణుగుడు వద్దు. గల్లీ మొత్తం వినాలె."

చర్చిలో మైకు ముందు కూడా నాకు వినబడనంత మెల్లగా ప్రార్థించే మనిషి, నడివీధిలో తలెత్తి నిలబడి గొంతెత్తింది. లెక్కలేమీ లేవు. తల్లి గురించి, పాల గురించి, నిద్ర గురించి అడిగింది. కొడుకు చేతులు కట్టుకున్నాడు. కిరాణా కొట్టు చాచా తన మెట్టు మీదే తన పద్ధతిలో అరచేతులు చాపి నిలబడ్డాడు. ఆ చప్పుడుకు పసిది లేచి, ప్రార్థన మిగతా సగం ఎవరికీ వినబడనంతగా ఏడుపు అందుకుంది.

"అగో," అంది పెద్దావిడ, మనవరాల్ని గల్లీ అందరికీ కనబడేలా పైకెత్తి, "నీ గొంతును మించింది చూడు!"