వంటింట్లోంచి వచ్చిన ఆమెన్

అమెరికాలోని పిస్కాటవేలో సలోమి ఇంట్లో ప్రతి శనివారం సాయంత్రం తెలుగువాళ్ల ప్రార్థన కూటం జరిగేది. వారమంతా ఆమెకు ఆస్పత్రిలో నర్సు పని. శనివారం పొద్దుటి నుంచీ వచ్చేవాళ్లందరికీ వంట. ముందుగదిలో ప్రార్థన నడుస్తుండగా పూరీలు వేయిస్తూ, మాటలు ఆగినప్పుడల్లా వంటింట్లోంచే గట్టిగా "ఆమెన్" అనేది. అందరూ దాన్ని భక్తి అనుకునేవారు. ఆమె కూడా అలాగే అనుకునేది.

1983 వేసవిలో ఒక సోమవారం, కూటానికి వచ్చే విమల ఫోన్ చేసింది.

"అక్కా, బయాప్సీలో ఏమీ లేదన్నారు! మొన్న నాకోసం ప్రార్థించినప్పుడు అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నువ్వే."

విమలకు బయాప్సీ జరిగిన సంగతే సలోమికి తెలియదు. సంతోషమని చెప్పి ఫోన్ పెట్టేసింది గాని, ఇన్నాళ్లూ తాను వేటికి ఆమెన్ అంటూ వచ్చిందో ఎంత ఆలోచించినా తేలలేదు.

"ఈ శనివారం టీ, బిస్కెట్లే," అంది భర్తతో.

దేవదానం నవ్వాడు. "అయితే ఉపవాస కూటమని ముందే చెప్పు. లేకపోతే రత్నంగారు ప్రసంగం వింటూనే వంటింటివైపు చూస్తారు."

"చూడనివ్వండి. స్టవ్ మీద ఏమీ ఉండదు."

ఆ శనివారం రత్నంగారి కుటుంబం రానేలేదు. సలోమి విమల పక్కన కార్పెట్ మీద కూర్చుంది. చేతులకు పనిలేక మొదట ఏమీ తోచలేదు. మనసు డ్యూటీల మీదికి పోతుంటే వెనక్కి తెచ్చుకుంటూ, ఉద్యోగం పోయిందని ఒక యువకుడు చెబుతున్న మాటలు చివరిదాకా విన్నది. ఏడాదిగా ఆమె చేతివంట తింటున్న మనిషే. అతని కష్టం ఆమె చెవిన పడటం మాత్రం అదే మొదలు.