చేపలు నిద్రపోయే వేళ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరైనా పగటిపూట కాస్త కునుకు తీస్తే చాలు, మా పెద్దమ్మ పేరు ఎత్తి వెక్కిరించేవాళ్లు. "ఏం మే, మీ పెద్దమ్మ గాలి సోకిందా?" అని ఒకటే నవ్వులు. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆ వెక్కిరింత మాత్రం మా చుట్టాల్లో ఇప్పటికీ పోలేదు. అది చెవిన పడినప్పుడల్లా నేను తల వంచుకుని చేతిలో ఉన్న పని చూసుకుంటాను. ఎందుకో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పెద్దమ్మ అంటే మా అమ్మకు సొంత అక్క. మైపాడులో మాదీ ఆమెదీ పక్కపక్క ఇళ్లు. పిల్లలు లేరు కాబట్టి నన్నే కూతురనుకునేది. తెల్లారకముందే ఒడ్డుకు పోయి, పడవలు రాగానే చేపలు కొని, గంపకెత్తుకుని మొదటి బస్సులో నెల్లూరు చేరి, వీధులు తిరిగి అమ్మేది. మా ఊరినుంచి అట్లా పోయే ఆడవాళ్లు పదిమందికి పైగానే ఉండేవాళ్లు. వేసవి సెలవుల్లో నన్నూ వెంటబెట్టుకుని పోయేది. నాకప్పుడు పదేళ్లు. తక్కెడా రాళ్లూ ఉన్న సంచి మోయడం నా ఉద్యోగం. ఆ ఉద్యోగానికి నేను పడిన మిడిసిపాటు ఇంతా అంతా కాదు.

మిగతా ఆడవాళ్లు గంప ఖాళీ అయ్యేదాకా కింద దించరు. పరుగు పరుగున అమ్మేసి ఒంటిగంట బస్సుకే ఇంటికి మళ్లేవాళ్లు. మా పెద్దమ్మ దారి వేరు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి, అమ్మింది సగమే అయినా సరే, మూతపడిన ఒక బియ్యం మిల్లు అరుగు మీద గంప దించేసేది. చేపల మీద ఐసు సర్ది, తడి గోనె కప్పేది. వీధి కొళాయి దగ్గర మోచేతుల దాకా, మోకాళ్ల దాకా కడుక్కునేది. టిఫిన్ క్యారియర్ విప్పి చద్దన్నం, ఎండు చేపల వేపుడు నిదానంగా తినేది, నాకూ పెట్టేది. ఆ తర్వాత తలమీది చుట్టకుదురునే దిండు చేసుకుని అరగంట పడుకునేది. ఆ అరగంటలో ఎవరొచ్చి చేపలడిగినా కళ్లు తెరవకుండానే ఒకే జవాబు. "చేపలు నిద్రపోతా ఉండాయమ్మా. లేచినాక రాండి."

కొందరు నవ్వుకుంటూ వెళ్లిపోయేవాళ్లు, కొందరు మూతి తిప్పుకుని ఇంకొకరి దగ్గర కొనుక్కునేవాళ్లు. పెద్దమ్మకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. ఆమెకు ఇంకో పట్టుదల కూడా ఉండేది. ఆ కునుకు తియ్యకుండా మధ్యాహ్నం పూట కత్తిపీట ముందు కూర్చునేది కాదు. జెల్లచేపకు రెక్కల దగ్గరా వీపు మీదా విషపు ముళ్లుంటాయి. కొయ్యబోయే ముందు వాటిని విరిచెయ్యాలి. నిద్ర చాలని కంటికి ముల్లు కనపడదని ఆమె మాట.

నాకైతే ఆ అరుగు మీద కూర్చోవాలంటే ప్రాణం పోయినట్టుండేది. మా ఊరి ఆడవాళ్లు ఖాళీ గంపలు ఊపుకుంటూ ముందునుంచే పోయేవాళ్లు, నన్ను చూసి కిసుక్కున నవ్వేవాళ్లు. నడివీధిలో నోరు తెరుచుకుని పడుకున్న మనిషి నా మనిషి అని చెప్పుకోవడానికి నాకు నామోషీ. ఆమెకూ నాకూ సంబంధం లేనట్టు అరుగు ఆ చివర కూర్చునేదాన్ని. ఆమె పెట్టిన అన్నం కడుపులో ఉండగానే.

ఒకరోజు ఆమె అట్లా నడుం వాల్చి కన్ను మూసిందో లేదో, ఎదుటి సందులోని మిద్దింటావిడ హడావిడిగా వచ్చింది. మద్రాసు నుంచి చుట్టాలు వస్తున్నారట, సాయంత్రానికి చేపల పులుసు కావాలట. గోనె ఎత్తి చూసింది. ఉన్న జెల్లలన్నీ తీసుకుంటాను, కడిగి ముక్కలు కోసి ఇవ్వాలి, ఇప్పుడే కావాలి అంది. చేపలు నిద్రపోతున్నాయని చెప్పాల్సింది నేను. చెప్పలేదు. ఒంటిగంట బస్సు కళ్లముందు కనపడింది. ఈ ఒక్కరోజైనా అందరితో కలిసి ఖాళీ గంపతో బస్సెక్కవచ్చు. పైగా ఇంత పెద్ద బేరం కుదిర్చిన పిల్ల అని ఊరంతా మెచ్చుకుంటారు. "మా పెద్దమ్మ కోసిస్తాది, పదండమ్మా" అనేశాను. పెద్దదాన్నయినట్టు తల కూడా ఊపాను.

భుజం పట్టి ఊపితే పెద్దమ్మ లేచింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ముందు రెండు రోజులు గాలి ఎక్కువై పడవలు ఆలస్యంగా వచ్చాయి, ఆమె ఒడ్డునే కాచుకుని కూర్చుంది. అది నాకూ తెలుసు. మిద్దింటావిడ నా మాట చెప్పగానే పెద్దమ్మ నావైపు ఒక్క క్షణం చూసింది. కాదంటే నా మాట పోతుంది. ఆ సంగతి ఆమె ఆలోచించిందని అప్పుడు నాకు తట్టలేదు. కొంగు దోపుకుని గంపెత్తుకుంది.

మిద్దింటి పెరట్లో నీడ లేదు. కాళ్లు ముడుచుకుని కత్తిపీట ముందు కూర్చుని ఒక్కొక్క జెల్లనూ తోమి, కడిగి, కోసింది. మధ్యమధ్య తల ముందుకు వాలిపోతుంటే మళ్లీ సర్దుకునేది. నేను గడప మీద కూర్చుని గుడి గంట మోగుతుందేమో, ఎంతయిందో అని చెవులు రిక్కించాను. తొందరగా కానియ్యమని రెండుసార్లు అన్నాను కూడా. ఇంకో నాలుగు చేపలుంటాయనగా ఆమె గట్టిగా "అమ్మా" అంది. ఒక జెల్లకు ముల్లు విరవలేదు. అది కుడిచేతి చూపుడు వేలి కణుపులో లోతుగా దిగింది.

ఇంటికి చేరేసరికి చెయ్యి మోచేతి దాకా వాచిపోయింది. ఒంటిగంట బస్సు ఎప్పుడు పోయిందో మాకు తెలియదు. అమ్మ ఉప్పు కాపడం పెట్టింది, మరుసటి రోజు ఆస్పత్రిలో సూది వేయించారు. చూడటానికి వచ్చినవాళ్లంతా ఎట్లా జరిగిందని అడిగారు. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. పెద్దమ్మ నావైపు చూడనైనా చూడలేదు. "నిద్రమత్తులో నేనే చూసుకోలా" అంది.

అంతే, అందరికీ మాట దొరికింది. బేరం మధ్యలో పడుకుంటే ఇట్లాగే అవుతుందన్నారు. అమ్మ కూడా అంది. నిద్రే దాని కొంప ముంచిందని నవ్వుతూ నవ్వుతూ ఊరంతా చెప్పుకున్నారు. ఒక్క మాట చెబితే ఆ నవ్వులన్నీ ఆగిపోయేవి. దెబ్బలు పడతాయని భయపడి చెప్పలేదని అనుకుంటే నాకు కొంచెం ఊరటగా ఉండేది. నిజం అది కాదు. మంచి పిల్లననే పేరు పోతుందని చెప్పలేదు.

ఇరవై రోజులు ఆమె గంప ఎత్తలేదు. తర్వాత ఒక ఉదయం ఏమీ జరగనట్టే నన్ను లేపి వెంట తీసుకుపోయింది. ఆ వేలు ఇక ముడుచుకోలేదు. మధ్యాహ్నం అదే అరుగు మీద గంప దించి, ఇద్దరం తిన్నాక, చుట్టకుదురు సగం నా వైపు జరిపి పడుకోమంది. నాకు నిద్రెక్కడ పడుతుంది? కాసేపటికి ఎవరో వచ్చి జెల్లలున్నాయా అని అడిగారు. పెద్దమ్మ మెలకువగానే ఉంది, నాకు తెలుస్తోంది. కానీ పలకలేదు. ఆ జవాబు నా కోసం వదిలిపెట్టింది. "చేపలు నిద్రపోతా ఉండాయమ్మా" అని ఎట్లాగో అన్నాను. ముడవని ఆ వేలితో ఆమె నా నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి తోసింది.

ఇంత చూసినదాన్ని బాగుపడి ఉంటాననుకుంటారు కదా. లేదు. పెళ్లయ్యాక నెల్లూరులో ఒక బట్టల షాపులో సేల్స్‌కు చేరి, ఇరవై ఏళ్లకు ఒక అంతస్తుకు ఇన్‌చార్జినయ్యాను. మొన్నటి ఆషాఢం తగ్గింపు రోజుల్లో, కొనేవాళ్లకు సేల్స్ పిల్లలు చురుగ్గా కనపడాలని కౌంటర్ల వెనక స్టూళ్లన్నీ తీయించాను. యజమాని చెప్పలేదు. నా అంతట నేనే చేశాను. నాలుగో రోజున ఒక అమ్మాయి పైవరసలో పట్టుచీర అందుకోబోయి కళ్లు తిరిగి పడింది. కనుబొమ్మ చిట్లింది. ఆ రోజు భోజనానికి అడిగితే, ఈ ఒక్క బేరం అయ్యాక వెళ్లమన్నది నేనే. యజమాని వచ్చి ఏమైందని అడిగితే ఆ పిల్ల నా మొహం చూసి, "పొద్దున తినకుండా వచ్చినా సార్, నాదే తప్పు" అంది. యాభై ఏళ్ల తర్వాత కూడా నేను ఆ తలుపు వెనకే నిలబడి ఉన్నాను.

ఈసారి మాత్రం బయటికి వచ్చాను. తప్పు నాదని అందరి ముందూ చెప్పాను. స్టూళ్లు వెనక్కి వచ్చాయి. ఇప్పుడు మధ్యాహ్నం వంతులవారీగా ప్రతి పిల్లా అరగంట స్టాకు గదిలో చాప మీద నడుం వాలుస్తుంది. ఆ మధ్య ఎవరో చదువుకున్న అమ్మాయి షాపుకు వచ్చి మా అందరికీ, పనితో అలిసి కుంగిపోతే బర్నౌట్ అనీ, మనల్ని మనం చూసుకుంటే సెల్ఫ్ కేర్ అనీ గంటసేపు చెప్పింది. మంచి మాటలే చెప్పింది. నేను వెనక వరసలో కూర్చుని ఒక బియ్యం మిల్లు అరుగునే తలుచుకుంటూ ఉన్నాను.

అయినా ఇంకొకటి మిగిలిపోయింది. పెద్దమ్మ కర్మ రోజున భోజనాల దగ్గర ఎవరో ఆ జెల్ల ముల్లు సంగతి ఎత్తి నవ్వితే, నేను విస్తట్లోకి చూస్తూ అన్నం కలుపుకున్నాను. ఆమె చివరిదాకా నా పరువు కాపాడింది, నేను ఆమె పోయాక కూడా ఆమె పరువు కాపాడలేదు. వచ్చే నెల మా తమ్ముడి ఇంట్లో గృహప్రవేశం. చుట్టాలంతా వస్తారు, భోజనాలయ్యాక ఎవరో ఒకరు కునుకు తీస్తారు, ఆ వెక్కిరింత రానే వస్తుంది. ఏం చెప్పాలో మనసులో సిద్ధం చేసుకున్నాను. ఆ రోజు మా పెద్దమ్మ నిద్రపోలేదు. నేను పోనివ్వలేదు.