వేడిగాలి ఎటు వదలాలి

డెబ్బైల్లో మా ఆయన గుణదలలో లాండ్రీ పెట్టినప్పుడు, బట్టలారబెట్టే యంత్రమొకటి మద్రాసు నుంచి పాతది కొనుక్కొచ్చారు. తడిబట్టలు లోపల గిర్రున తిరుగుతుంటే, వేడిగాలి వాటి తేమంతా లాక్కుని రేకు గొట్టంలోంచి బయటికి పోవాలి. ముసురు పట్టినా రోజూ దుప్పట్లు పొడిగా అందిస్తేనే పని మాకిస్తామని మిషన్ ఆసుపత్రి వాళ్ళు ముందే చెప్పారు. మా బతుకంతా ఆ మాట మీదే ఉంది.

గొట్టం ఎటు వదలాలన్నదే తేలలేదు. మా ఆయనకు మొహమాటం జాస్తి. గోడకు చిల్లి కొట్టేముందు ఇరుగుపొరుగు అందరినీ అడిగారు. తూర్పింటి మాష్టారు, "మా గుమ్మానికి ఎదురుగానా? వద్దండీ బాబూ, వీధిపోటుతో సమానం" అన్నారు. సరే, ఉత్తరానికి తిప్పించారు. ఆ వైపు ఉండే నర్సమ్మగారు, "ఆదివారం మా వాకిట్లో ప్రార్థన ఉంటుందండీ, ఈ హోరులో పాట వినబడద్దా?" అన్నారు. మళ్ళీ తిప్పించారు. వెనకింటావిడ తన వడియాల మీద బట్టల నూగు పడుతుందంది. ఆటోనగర్ నుంచి వచ్చిన రేకుల మేస్త్రీ తిప్పమన్నచోటల్లా తిప్పాడు. చివరికి ఆ గొట్టం షెడ్డు చుట్టూ ప్రదక్షిణ చేసి, పైకెక్కి, కిందికి దిగి, మురుగుకాలవ మీద తేలింది.

యంత్రం వేస్తే డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత వేడి. దుప్పట్లు మాత్రం ఇడ్లీ గుడ్డల్లా చెమ్మగా వచ్చాయి. ఇదేం చోద్యమో మాకు అర్థం కాలేదు. చాల్లేదేమోనని ఆయన వేడి పెంచారు. ఎక్కువయ్యాయేమోనని సగం దుప్పట్లు తీసేశారు. ఎవరి దిష్టి తగిలిందోనని నేను నిమ్మకాయ కట్టాను. ఆసుపత్రి బండి వచ్చే వేళవుతోంది, నాకు ఏడుపొచ్చేసింది.

ఇంతలో యంత్రం పక్కనే గొట్టం అతుకు ఊడిపోయింది. షెడ్డంతా ఆవిరి, నా జుట్టునిండా నూగు. తిట్టుకుంటూ యంత్రం తలుపు తీశాను కదా, ఆ విడత దుప్పట్లు అప్పడాల్లా ఆరి ఉన్నాయి! అన్ని మలుపులు తిరగలేక గాలి లోపలే కూర్చుండిపోయిందని అప్పటికి బోధపడింది. ఆ పూటకు ఆ ఆవిర్లోనే ఉక్కిరిబిక్కిరవుతూ మిగతావి ఆరబెట్టి పంపించాం.

మరి గొట్టం సూటిగా వదలాలంటే ఎటు? ఈసారి ఆయన ఎవరి గుమ్మమూ ఎక్కలేదు. షెడ్డుకూ మా ఇంటికీ మధ్యనున్న సందులోకి చిల్లి కొట్టమని మేస్త్రీకి చూపించారు. సరిగ్గా నా వంటింటి కిటికీకి ఎదురు.

"ఇక్కడెవర్నీ అడగక్కర్లేదా అండీ?" అన్నాడు మేస్త్రీ.

"ఇది మనదేగా. అడగాల్సినవాళ్ళు ఎవరున్నారు?" అన్నారు మా ఆయన.

నేను మేస్త్రీకి మంచినీళ్ళ చెంబు అందిస్తూ అక్కడే నిలబడి ఉన్నాను. ఒళ్ళు మండిపోయింది. కానీ తెల్లారితే మళ్ళీ ఆసుపత్రి బండి వస్తుంది. లోపలికి వెళ్ళి కిటికీ మూసేశాను.