ఉప్పేసిన గంజి

కామాటిపురాలో, ఒక్కో గదే ఒక్కో ఇల్లైన మా చాల్‌లో ఇప్పుడు అందరివీ కుక్కర్లే. గంజి వంచే ఇళ్లు మూడే మిగిలాయి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు నాకు కావలసింది ఆ గంజే. బాక్టీరియాకు పిండిపదార్థం దండిగా పెట్టి, నైట్రోజన్ మాత్రం కొద్దిగా ఇస్తే, మనం కొవ్వు దాచుకున్నట్టు అవి ఒంట్లో ప్లాస్టిక్ దాచుకుంటాయి. వాటిని పగలగొట్టి దాన్ని తీస్తాం. మట్టిలో పడితే అది మళ్లీ క్రిములకే తిండి అవుతుంది. పారబోసే గంజితో ప్లాస్టిక్ చేస్తానని కాలేజీలో గొప్పగా రాసిచ్చాను. పారబోసే అన్న ఆ మాట ఇవాళైతే రాయలేను.

మూడిళ్లలో ఒకటి మా పక్క గది అవ్వది. పాలమూరు నుంచి మొగుడితో వచ్చి, బిల్డింగుల మీద ఇటుకలు మోసి, అతను పోయాక ఒక్కతే మిగిలిన మనిషి. చుట్టం కాదు గానీ, అమ్మ పనికి పోతే చిన్నప్పుడు నన్ను చూసుకున్నది ఆమే. నేను అడిగిందే తడవు, రోజూ పొద్దున సీసా నిండా గంజి పోసి గడప దగ్గర పెట్టేది. ఎందుకో చెప్పబోతే, నీ పురుగులకే గద తీస్కపొమ్మని నవ్వేది.

మొదటి వారం బాక్టీరియా సరిగ్గా పెరగలేదు. మేడమ్ విసుక్కున్నారు. నెలలో ప్రాజెక్టు ఇవ్వకపోతే నా ఏడాది పోతుంది. దిక్కుతోచక మూడు సీసాల్లోనూ వేలు ముంచి నాకి చూశాను. అవ్వ గంజిలో ఉప్పుంది. నాకు కోపం నెత్తికెక్కింది. నల్లా దగ్గర అందరూ నీళ్లు పట్టుకుంటుంటే, పారబోసే గంజిలో ఎవరైనా ఉప్పేస్తారా అని ఆమెను కడిగేశాను.

"అలవాటుల పడ్డది బిడ్డా. రేపటి సంది ఎయ్య" అంది.

మర్నాటి నుంచి గంజి చప్పగా వచ్చింది. నా బాక్టీరియా బ్రహ్మాండంగా పెరిగింది. ఆ ఉప్పు అలవాటు ఎక్కడిదో నేను ఆలోచించలేదు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

మూడు వారాలకు అవ్వ కళ్లు తిరిగి మెట్ల మీద పడింది. ఆస్పత్రికి తీసుకుపోయాం. ఒంట్లో సత్తువే లేదు, ఏం తింటోందని డాక్టరు అడిగాడు. అమ్మ నా వైపు తిరిగింది.

"నోట్ల పండ్లు లేవు. అన్నం దిగక ఏడాదాయె. ఉప్పేస్కోని గంజి తాగే బతుకుతుంది. తాగంగ మిగిలింది నీకిస్తుందనుకున్న. సీసా నిండా ఇచ్చిందా?"

ఇచ్చింది. గోడకు ఇవతలే పడుకునే నాకు ఆ ఏడాదంతా ఏమీ తెలియలేదు. అక్కడే సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు కుక్కర్ పక్కన పెట్టి, గిన్నెలో అన్నం వండి గంజి డబ్బాలోకి వంచాను. ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని చెంచాతో పోశాను. అవ్వ మూడు చెంచాలు తాగింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని ఆపి, డబ్బా నా వైపు నెట్టింది.

"చాలు. కాలేజికి తీస్కపో. నీ చదువు ఆగొద్దు."

వద్దవ్వా, నువ్వే తాగు అని బతిమాలాను. ఏడ్చాను. ఇంకో చెంచా పెదవుల దాకా తీసుకుపోతే నోరు తెరవలేదు, నా ప్రాజెక్టుకు గంజి తక్కువ పడుతుందని. మూడో రోజు పోయింది.