పెద్దమ్మ పచ్చగాజు గిన్నె

జగ్గయ్యపేటలో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా నా చూపు ముందు వాళ్ళ అద్దాల బీరువా మీదే పడుతుంది. దొంగనోట్లు పట్టే చిన్న ఊదా రంగు లైటు ఎప్పుడూ నా హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది. పాతకాలంలో కొన్ని గాజు సామాన్లలో రవ్వంత యురేనియం కలిపేవారు. మామూలు వెలుతుర్లో అది ఉత్త గాజే. చీకటి చేసి ఈ లైటు వేస్తే మాత్రం లేత ఆకుపచ్చగా వెలుగుతుంది. అలాంటివి పోగుచేయడం నా పిచ్చి. "చుట్టాలింటికొచ్చావా, సోదాకొచ్చావా?" అంటారు మావారు.

నందిగామలో మా పెద్దమ్మ వక్కపలుకులు పోసుకునే గిన్నె మీద నాకు ఎన్నాళ్ళ నుంచో అనుమానం. ఓ మధ్యాహ్నం తలుపులు మూసి, గిన్నెతో సహా ఇద్దరం దుప్పటి కప్పుకున్నాం. లైటు వేయగానే గిన్నె మొత్తం వెలిగిపోయింది.

"ఓసి దీని దుంపతెగ" అంది పెద్దమ్మ.

"నాకిచ్చెయ్ పెద్దమ్మా" అని అడిగేశాను.

"మా అమ్మ వాడిన గిన్నె. ఇచ్చేది లేదు" అంది, దుప్పట్లోంచే.

నెల తిరక్కుండానే ఆ గిన్నె నిండా సున్నుండలు పెట్టి, ఇటు వస్తున్న పక్కింటావిడ చేత పంపింది. మనసు మార్చుకుందనుకున్నాను. సున్నుండలు తినేసి, గిన్నెను బీరువా నడిమధ్యన పెట్టి, ఫొటో తీసి చుట్టాలందరికీ పంపాను. సాయంత్రానికల్లా ఫోను.

"సున్నుండలు నీకు. గిన్నె నాది. కడిగి పంపు."

సిగ్గుతో చచ్చాను. మా ఇళ్ళల్లో ఎవరి గిన్నెనూ ఖాళీగా తిప్పి పంపరు. బెల్లం గవ్వలు చేసి, గిన్నెలో పోసుకుని నేనే వెళ్ళాను. మళ్ళీ దుప్పటి కప్పుకున్నాం. పదిరోజులకు గిన్నె జంతికలతో వచ్చింది, కాజాలతో వెళ్ళింది. రెండేళ్ళుగా ఇదే వరస. ఇప్పుడు నేను గుమ్మంలో అడుగు పెట్టగానే "లైటు తెచ్చావా?" అంటూ పెద్దమ్మే కిటికీలు మూస్తుంది. ఆ సంబరం చూస్తే నాకు కడుపు నిండిపోతుంది.

మొన్న గిన్నె ఖాళీగా వచ్చింది. పాత చీర ముక్కలో చుట్టి ఉంది, లోపల ఒక్క పలుకు కూడా లేదు. కోపమొచ్చిందేమోనని భయపడి ఫోన్ చేశాను.

"ఏదన్నా పెట్టి పంపితే నువ్వు తిరిగి పంపాలి కదే. అందుకే ఖాళీగా పంపా. ఇంక నీదే, ఉంచుకో" అంది.

ఇన్నాళ్ళూ ఆశపడ్డ గిన్నె నా చేతిలో ఉంది. సంతోషంతో కళ్ళ నీళ్ళొచ్చాయి. బీరువా తలుపు తీసి, దానికని ఖాళీగా ఉంచిన చోటు చూసి, మళ్ళీ మూసేశాను. వంటింట్లోకి వెళ్ళి మినుములు వేయించడం మొదలుపెట్టాను. గిన్నె నిండటానికి ఎన్ని సున్నుండలు కావాలో నాకు తెలుసు.

ఆదివారం నందిగామ వెళ్ళాలి. లైటుకి కొత్త బ్యాటరీ వేశాను.